తాత చొక్కాకి కాలరు

అమెరికా నేను చూడలేదు. ఇక చూసేదీ లేదు. అయినా మా పెద్దవాళ్లు రంగం అని పిలుచుకున్న ఈ యాంగోన్‌లో, పబేడాన్ బజారులోని ఒక మూడో అంతస్తు గదిలో నిలబడి, అమెరికా ఉత్తరాది గురించీ దక్షిణాది గురించీ నా వంటింటి గురించి చెప్పినంత ధీమాగా కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. కింద పరోటాల దుకాణం, మధ్యలో బట్టల గోడౌను, పైన మా ట్యూషన్ సెంటరు. కరెంటు పోగానే కింద జనరేటరు మొదలయ్యేది. దాని మోత మీదుగా, బానిసత్వం రద్దయిందని గొంతు చించుకుని అరిచేదాన్ని. పరోటాల వాడు ఒకసారి మెట్ల దగ్గర ఆపి, ఏమిటి రద్దయింది సయామా, కరెంటు బిల్లా అని అడిగాడు కూడా.

టీచరమ్మని ఇక్కడ సయామ అంటారు. పేరు అక్కర్లేదు. జీవితమంతా అదే నా పేరు.

ఇది మన పిల్లల కోసం రాస్తున్నాను. ఉద్యోగాల్లో చేరబోతున్నవాళ్లు, చేరి విసుగెత్తినవాళ్లు చదవండి. పాఠం చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. ఒక అమ్మాయి సంగతి మాత్రం చెప్పాలి. అది జరిగాక నాకు గుడికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంటోంది.

ప్రభుత్వ బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఈ ట్యూషన్ సెంటరులో చేరాను. ఈ మధ్య యాంగోన్ పిల్లలు ఇక్కడి మెట్రిక్కి బదులు అమెరికా హైస్కూలు చదువుకి సమానమైన ఒక పరీక్ష రాస్తున్నారు. అది ప్యాసైతే బయటి దేశాల కాలేజీల తలుపు కొట్టొచ్చు. ఆ పరీక్షలో సోషల్ పేపరు ఉంది. అందులో తప్పకుండా వచ్చే పాఠం, అమెరికా ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య ఆర్థిక వ్యత్యాసాలు, బానిసత్వం రద్దు.

ఆ పాఠం నేను బాగా చెబుతానని పేరు. ఊరికే చెప్పను, మా ఊరు మీద పెట్టి చెబుతాను. ఉత్తరం అంటే మన లైంగ్‌తయా అనుకోండి, ఫ్యాక్టరీలు, జీతగాళ్లు, రైళ్లు. దక్షిణం అంటే డెల్టా అనుకోండి, కనుచూపు మేర చేలు. తేడా ఏమిటంటే అక్కడ ఆ చేలో పనిచేసే మనిషిని కూడా నాగలితోపాటు కొనుక్కున్నారు. పత్తి అమ్మి బతికేవాళ్లకి బానిసలు కావాలి, మిల్లులు పెట్టినవాళ్లకి జీతగాళ్లు చాలు. ఇక్కడ ఎవడో ఒక పిల్లాడు లేచి, ఉత్తరాది మిల్లుల్లో నేసింది ఆ బానిసలు ఏరిన పత్తే కదా సయామా, మరి వాళ్లకేం పుణ్యం అని అడగాలి. అడగకపోతే నేనే అడిగించేదాన్ని. తర్వాత అందరి చేతా గట్టిగా వల్లె వేయించేదాన్ని. బర్మాలో చదువంటే వల్లె వేయడమే, ఆ అలవాటు నా ఒంట్లో ఉంది.

ఆ అమ్మాయి కాలవ పక్కనున్న పజుండౌంగ్ పేట పిల్ల. మన తెలుగు పిల్ల. తండ్రి పోయాడు, తల్లి కుట్టు మిషను తొక్కుతుంది. ఆమె మామ్మ కాలవ ఒడ్డు గుడి దగ్గర పూలదండలు కడుతుంది. క్లాసులో బర్మీస్‌లోనే మాట్లాడేది, మెట్లు దిగాక నాతో తెలుగు. మిగతా పేపర్లన్నీ ప్యాసైంది, సోషల్ ఒక్కటే మిగిలింది.

పాఠంలో దక్షిణాది పంటల జాబితా ఉంటుంది. పత్తి, పొగాకు, చెరకు, వరి. వరి దగ్గర నేనెప్పుడూ ఆగను, ప్రశ్నలన్నీ పత్తి మీదే వస్తాయి. ఆ అమ్మాయి చెయ్యెత్తింది.

"సయామా, ఉత్తరాదితో యుద్ధం వచ్చాక దక్షిణాది రేవులు మూసేశారు కదా. మరి వాళ్ల బియ్యం తినే యూరప్ వాళ్లు ఏం తిన్నారు?"

"అది పరీక్షకి రాదు," అన్నాను.

ట్యూషన్ చెప్పేవాళ్లకి ఇంతకంటే ముద్దొచ్చే వాక్యం లేదు. తెలియనిదీ, తెలిసి చెప్పడం ఇష్టం లేనిదీ దీని కింద దాగిపోతాయి. నిజానికి నాకు తెలుసు. అమెరికా దక్షిణాదిలో పండే కరొలైనా బియ్యం ఆగిపోగానే వర్తకులు బర్మా వైపు తిరిగారు. అదొక్కటే కారణం కాదు గానీ, అదీ ఒక కారణం. బానిసత్వం పోయాక అక్కడి వరి మళ్లీ మునుపటిలా లేవలేదు, ఇక్కడ డెల్టా అడవులు కొట్టి మళ్లు చేశారు. పజుండౌంగ్ కాలవ పొడవునా బియ్యం మిల్లులు లేచాయి. ఆ మిల్లులకి మనుషులు కావలసి వచ్చారు. మన విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం తీరాల నుంచి ఓడ డెక్కు మీద కుక్కుకుని వచ్చినవాళ్లు వాళ్లే.

క్లాసయ్యాక ఆ అమ్మాయి మెట్ల మీద నన్ను పట్టుకుంది. ఫోనులో అంతా చదివేసింది. కళ్లు మెరుస్తున్నాయి.

"సయామా, సూసినారా! అమెరికాలో బానిసల్ని ఒగ్గీసినారు, ఇక్కడ మనోల్ని దింపీసినారు. మా ముత్తాత అలాగే ఒచ్చినాడంట. మిల్లుకి మనుసుల్ని తెచ్చే మేస్త్రీ ఓడ టికెట్టు తీసినాడు, అది తీరేదాకా మిల్లు ఒగ్గి ఎల్లడానికి నేదంట."

"అది బానిసత్వం కాదమ్మా," అన్నాను. "వాళ్లని ఎవరూ కొనలేదు, అమ్మలేదు."

"కాదు సయామా, నానూ కాదనే అంతన్నాను. అమ్మనేదు. పిల్లల్ని లాక్కోనేదు. గానీ ఎల్లిపోతానంటే ఒగ్గనేదు కదా. రెండిటికీ మద్దిన ఏటో ఒకటి ఉన్నాది. దానికి పేరేటి?"

పేరు నాకు తెలుసు. కూలీ. ఆ మాట నా నోటికి రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

నేను పబేడాన్ కొట్టువాళ్ల అమ్మాయిని. ఎవరడిగినా అదే చెబుతాను. అబద్ధం కాదు, మా నాన్న పబేడాన్‌లో సామాన్ల కొట్టు పెట్టాడు. కానీ కొట్టు పెట్టింది మా నాన్న, తాత కాదు. తాత పజుండౌంగ్ మిల్లులో బస్తాలు మోశాడు. మెడ వెనక, సరిగ్గా బస్తా ఆనే చోట, చింతపిక్కలా నల్లగా గట్టిగా కాయ కాసి ఉండేది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మా అమ్మ పరిగెత్తుకెళ్లి తాతకి కాలరున్న చొక్కా తొడిగి, పై గుండీ దాకా పెట్టేసేది. ఎండాకాలంలో కూడా అంతే. తాత ఉక్కకి మెడ తిప్పుకుంటూ, వచ్చినవాళ్లు వెళ్లేదాకా బొమ్మలా కూర్చునేవాడు. బడిలో ఇండియా వాళ్ల పిల్లనని పిలవకూడని పేరుతో పిలిచేవాళ్లు. దాని మీద కూలీ మనవరాలు కూడానా అని నా భయం. పజుండౌంగ్ నుంచి పబేడాన్‌కి మారాక ఆ భయమే నాకు అలవాటైపోయింది. మన తెలుగువాళ్లలో చాలామంది ఇంతే. ఎవరి తాతని అడిగినా వ్యాపారం మీద వచ్చాడంటారు. అంతమంది వ్యాపారం మీద వస్తే మరి ఆ బస్తాలు మోసిందెవరో నాకిప్పటికీ అర్థం కాదు.

గుడిలో ఆ అమ్మాయి మామ్మ నన్ను ఎవరికి పరిచయం చేసినా, "ఈవిడ పబేడాన్ కొట్టోరి సయామ" అనేది. చెప్పి, నాకు చాప పరిచేది. నేను ఆ గౌరవం దర్జాగా తీసుకునేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. ట్యూషన్ సెంటరులో ఒక అసిస్టెంటు ఖాళీ ఏర్పడింది. చిన్న తరగతులకి పాఠం చెప్పాలి, జీతం ఇస్తారు, మిగిలిన పేపరు రాయనిస్తారు. మా యజమానిని అందరం సయాజీ అంటాం, పెద్దసారు అని అర్థం. మెత్తని మనిషి. ఆయన పద్ధతి ఏమిటంటే ఓపెన్ డే పెట్టి, తల్లిదండ్రుల ముందు పిల్లల చేత తలా ఒక పాఠం చెప్పించి, బాగా చెప్పినవాళ్లకి ఉద్యోగం ఇవ్వడం. ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం ఊరికే కావలసింది కాదు. ఇంట్లో అప్పటికే ఒక ఏజెంటు వచ్చి కూర్చుంటోంది. మలేషియాలో ప్యాకింగ్ ఫ్యాక్టరీ, ప్రయాణం ఖర్చు ఏజెంటు పెట్టుకుంటుంది, అది తీరేదాకా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే. ఇక్కడ ఉద్యోగం దొరికితే వెళ్లక్కర్లేదని తల్లి మాటిచ్చింది.

"ఇప్పుడు మేస్త్రీ అనరు సయామా, ఏజెంటు అంతారు. అంతే తేడా," అని నవ్వింది ఆ అమ్మాయి. నేను నవ్వలేదు.

తను ఓపెన్ డేకి ఈ పాఠమే ఎంచుకుంది. నా ముందు రిహార్సల్ చేసింది. ఉత్తరం, దక్షిణం, పత్తి, యుద్ధం, రద్దు, అన్నీ నా మాటలే, నాకంటే బాగా చెప్పింది. చివర కరొలైనా బియ్యం దగ్గర మలుపు తిప్పి, పజుండౌంగ్ కాలవకి తీసుకొచ్చి, "ఆ మిల్లుల్లో మోసిన కూలీల్లో మా ముత్తాత ఒకడు" అని ముగించింది. మెచ్చుకోవాలి కదా, ఏమన్నానో తెలుసా?

"ఆ చివరి ముక్క తీసెయ్యమ్మా. పెద్ద పెద్దవాళ్లు వస్తారు. మనవాళ్లు కూడా వస్తారు. కూలీ అని మన నోటితో మనం చెప్పుకోవడం ఏం బాగుంటుంది? మరీ చెప్పాలనుకుంటే 'కొందరు ఇండియా వాళ్లు' అని చెప్పు."

ఆ అమ్మాయి చేతిలోని కాగితం మడిచింది. "అలాగే సయామా," అంది. ఇక్కడి పిల్లలు సయామ మాటకి ఎదురు చెప్పరు. నేనెప్పుడూ దాన్ని వాళ్ల మంచితనం అనుకున్నాను, దాని వెనక నేను దాక్కుంటానని అనుకోలేదు.

ఓపెన్ డే నాడు వాన. గొడుగులన్నీ మెట్ల మీద కారుతున్నాయి. జనరేటరు నడిపే పని లెక్కల సారుది, ఆయన కిందా పైకీ తిరుగుతూనే ఉన్నాడు. తల్లిదండ్రులు ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకున్నారు. ముందు వరసలో పబేడాన్ తెలుగు వర్తకులు ఒకరిద్దరు ఉన్నారు, మా నాన్నని ఎరిగినవాళ్లు. వెనక గోడకి ఆనుకుని ఆ అమ్మాయి తల్లి, మామ్మ.

ఆ అమ్మాయి లేచింది. పాఠం నడిపించింది. జనరేటరు మోత వినబడనంత శ్రద్ధగా విన్నారు జనం. చివరికి వచ్చేసరికి, నేను చెప్పిన 'కొందరు ఇండియా వాళ్లు' దగ్గర ఆగింది. ఒక్క క్షణం వెనక్కి, వాళ్ల మామ్మ వైపు చూసింది. తర్వాత బర్మీస్‌లో తేటగా అంది. "అలా వచ్చిన కూలీల్లో మా ముత్తాత ఒకరు. అమెరికాలో ఒక తలుపు తెరుచుకుంటే, ఇక్కడ ఇంకో తలుపు మూసుకుంది. అందుకే మేమీ ఊళ్లో ఉన్నాం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటి ముగింపు ఆ గదిలో ఎవరూ విని ఉండరు. సయాజీ ఆ ముక్క కోసం పుస్తకం తిరగేశాడు, దొరకలేదు. నా వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు.

"సయామా, ఇది పుస్తకంలో లేదు. మీరు చరిత్ర చెప్పినవారు, పైగా తెలుగువారు. ఇది నిజమేనా? మీ వాళ్లు కూడా ఇలాగే వచ్చారా?"

గదిలో అందరూ నన్ను చూశారు. ఆ అమ్మాయి కూడా చూసింది. అవునండీ అని ఒక్క మాట చాలు. మా తాత ఆ కాలవ ఒడ్డునే మోశాడు, ఆయన మెడ మీద కాయ నా చేత్తో తడిమాను అని చెబితే, ఈ ప్రపంచంలో అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకేం కావాలి? ముందు వరసలో మా నాన్నని ఎరిగిన పెద్దమనిషి కాలు మీద కాలేసుకుని, నా జవాబు కోసం మెడ వంచాడు.

"మా వాళ్లు వ్యాపారం మీద వచ్చారండీ," అన్నాను. "ఈ ముక్క సిలబస్‌లో లేదు. పరీక్షకి రాదు."

వెంటనే ఆ అమ్మాయి చేతులు కట్టుకుని తల వంచింది. "తప్పు నాదే సయాజీ. సయామ ముందే వద్దన్నారు. పుస్తకంలో ఉన్నంతే చెప్పాల్సింది. పొరపాటు పడ్డాను."

నన్ను కాపాడటానికి తను తప్పు నెత్తిన వేసుకుంది. అది నాకు అర్థమైంది, అయినా ఊరుకున్నాను. అప్పుడు నాకు ఏమనిపించిందో కూడా దాచను. హమ్మయ్య అనిపించింది.

ఉద్యోగం ఇంకో అమ్మాయికి వచ్చింది. మంచి పిల్లే, పుస్తకం తు.చ. తప్పకుండా చెబుతుంది, ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. గొడుగులు వెతుక్కుంటున్నప్పుడు సయాజీ మెట్ల మీద ఆగి, "ఆ పజుండౌంగ్ అమ్మాయి పాఠం నాకు నచ్చింది సయామా. ఆమెకే ఇద్దామనుకున్నాను. మీరే కాదన్నారు కదా అని ఆగాను. చరిత్రలో మీకంటే నాకేం తెలుసు?" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఆయన ఇంకా జాబితా గోడకి అంటించలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు వచ్చేసరికి, ఇప్పుడు చెబితే ఇంత అబద్ధం ఎందుకు ఆడారని అడుగుతాడు కదా అనిపించింది. ఆ మర్నాడు గోడ మీద జాబితా ఉంది.

తర్వాత గుడికి వెళ్లినప్పుడు మామ్మ ఎప్పటిలాగే చాప పరిచింది. తెగిన పూలదండ దారం చేతిలో నలుపుతూ నా దగ్గరికి వంగింది.

"సయామా, మా గుంట నలుగుర్లో మిమ్మల్ని ఇబ్బంది ఎట్టీసింది కదా. సిన్న పిల్ల, దానికి తెల్దు. మనసులో ఏటీ ఎట్టుకోకండి."

క్షమాపణ ఆవిడ నాకు చెబుతోంది. నేను ప్రసాదం తీసుకుని, పర్వాలేదమ్మా అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపించేది ఆ 'పర్వాలేదమ్మా' అన్నందుకే. ఓపెన్ డే నాడైనా భయపడ్డానని సర్దిచెప్పుకోవచ్చు. గుడిలో భయం లేదు, ఎవరూ వినడం లేదు. ఊరికే పెద్దరికం వెలగబెట్టాను.

ఆ తర్వాత నేను ట్యూషన్ మానేశాను. గొంతు బాగోలేదని చెప్పాను. లెక్కల సారు మాత్రం నమ్మలేదు, మీ గొంతుకేం రోగం సయామా, జనరేటరునే ఓడించింది కదా అన్నాడు.

వానలు తగ్గాక ఒక ఉదయం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. భుజాన సంచి. సాయంత్రం సరిహద్దుకి బస్సు ఎక్కుతుంది, అక్కడ్నించి ఏజెంటు మలేషియా తీసుకెళ్తుంది. వెళ్లేముందు సయామకి గడో చెయ్యడానికి వచ్చానంది. గడో అంటే ఇక్కడి ఆచారం. మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి, నుదురు నేలకి ఆనించాలి. సయామ దీవించేదాకా తల ఎత్తకూడదు. సాయంత్రం బస్సుకి ఉదయమే ఎందుకు వచ్చావమ్మా అంటే, ఇంకా పజుండౌంగ్‌లో పెద్దవాళ్లందరి ఇళ్లకీ వెళ్లాలి, ముందు మీ దగ్గరికే వచ్చాను అంది. ఆచారం ప్రకారం కానుకగా ఒక తువ్వాలూ సబ్బూ నా ముందు పెట్టి, వంగింది.

జుట్టు ముందుకి జారింది. మెడ వెనక భాగం కనిపించింది. నున్నగా, చిన్నపిల్ల మెడ.

దీవెన నోటికి రాలేదు. దానికి బదులు, అన్నేళ్లూ రాని మాట వచ్చింది.

"మా తాత కూడా బస్తాలు మోశాడమ్మా," అన్నాను. "ఆ కాలవ ఒడ్డు మిల్లులోనే. కూలీగానే వచ్చాడు."

ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తెల్సు సయామా," అంది నేల మీది నుంచే.

"ఎప్పట్నించి?"

"సిన్నప్పట్నించీ తెల్సు. మీ తాతా మా ముత్తాతా ఒకే ముఠాలో మోసినారంట. మా ఈదిలో అందరికీ తెల్సు."

ఓపెన్ డే నాడు తను నన్ను ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. నా పాండిత్యం అడగడానికి కాదు. మామ్మ గోడకి ఆనుకుని ఏం వింటూ కూర్చుందో కూడా అర్థమైంది.

"మరి ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదు? సయాజీ అడిగినప్పుడు, నేను అబద్ధం చెబుతున్నానని ఎందుకనలేదు?"

జవాబు చెప్పడానికి ఆ పిల్లకి మొహమాటంగా ఉంది. చేతివేళ్లు నేల మీద కదిలాయి.

"మీరు సెప్తారేమో అని సూసినాను సయామా. మీరు సెప్పనేదు. మామ్మ మా అందరికీ సిన్నప్పుడే సెప్పీసింది, మిల్లు కత సయామ ముందర ఎవులూ ఎత్తకండి, ఆవిడకి సిగ్గు అని. అందుకే పబేడాన్ కొట్టోరు అని సెప్పమంది."

తాతకి మా అమ్మ ఒక్కతే కాలరు బిగించిందనుకున్నాను. నాకు ఒక వీధి వీధంతా బిగించి పెట్టింది, నాకు తెలియకుండా, ఇన్నేళ్లు. ఆ అమ్మాయి తన ఉద్యోగం పోగొట్టుకుని మరీ పై గుండీ పెట్టి వెళ్తోంది.

ఆరోగ్యంగా ఉండు, కోరినవన్నీ నెరవేరాలి, ఎవరి కిందా బతక్కుండా ఉండాలి, ఇలాంటివే మా దీవెనలు. ప్రతి ఏడూ వందలమంది పిల్లలకి నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. ఒక్కటీ గొంతు దాటలేదు.

ఆ పిల్ల తల ఎత్తలేదు. సయామ దీవించకుండా ఎత్తకూడదు కదా.

"దీవించండి సయామా," అంది చివరికి, అలాగే వంగి. "ఇంకా సాలామంది ఇళ్లకి ఎల్లాలి."